గోదావరి ఒక ఒడ్డు కోసి ఇంకో ఒడ్డున మేట ఎందుకు వేస్తుంది, లంక గట్టు ఎక్కడ తెగుతుంది

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: లంకలో కొబ్బరితోట ఏటా రెండు మూడు గజాల చొప్పున గోదావరిలో కలిసిపోతోంది. ఎదుటి ఒడ్డున ఇసుక మేట వేసి కొత్త నేల లేస్తోంది. ఒకే ఏరు ఒకపక్క కోసి ఇంకోపక్క పూడ్చడం ఎలా? గట్టు మీద రాళ్లు పోయిస్తే కోత ఆగుతుందా?

రాళ్ల సంగతి ముందు చెప్తాను. గట్టు నెత్తి మీద పోసిన రాయి ఒకటి రెండు వరదలకు మించి ఉండదు. ఎందుకంటే గట్టు తెగేది మన కంటికి కనిపించేచోట కాదండి, నీటి అడుగున, గట్టు పాదం దగ్గర. పైన విరిగిపడే పెళ్లలు ఆ తర్వాతి సంగతి. ఇది అర్థం కావాలంటే ఏరు మట్టిని ఎలా ఎత్తుకుంటుందో, ఎక్కడ దించుతుందో తెలియాలి.

ఏరు మోసే సరుకు మూడు రకాలు. అడుగున దొర్లుతూ, గెంతుతూ పోయే ముతక ఇసుక, గులకరాళ్లు ఒకటి. నీళ్లలో తేలుతూ పోయే సన్న ఇసుక, ఒండ్రు, బంక రెండోది. కంటికి కనపడకుండా కరిగిపోయిన లవణాలు మూడోది. నేల రూపం మార్చేవి మొదటి రెండే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. రేణువు ఎంత సన్నగా ఉంటే అంత తేలిగ్గా కొట్టుకుపోతుందనుకుంటారు. అలా కాదు. అన్నిటికంటే తేలిగ్గా లేచేది 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల ఇసుక. సెకనుకు 20 సెంటీమీటర్ల వడి చాలు, కదిలిపోతుంది. గులకరాయి బరువుంది కాబట్టి ఎక్కువ వడి కావాలి, అది సహజమే. కానీ గట్టిపడిన బంకమట్టి కూడా రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటంవల్ల అంత త్వరగా లేవదు. సెకనుకు మీటరు వడికి కూడా నిలబడే బంక ఉంటుంది. అదే బంక ఒకసారి నీళ్లలో కలిసిందంటే మాత్రం ఇక దిగదు. నిలకడ నీళ్లలో మీటరు లోతు దిగడానికి 0.1 మి.మీ. ఇసుకకు రెండు నిమిషాలు చాలు. 0.01 మి.మీ. ఒండ్రుకు మూడు గంటలు పడుతుంది. 0.002 మి.మీ. బంకకు మూడు రోజులు దాటుతుంది. పారే ఏటిలో అలాంటి మూడు రోజుల నిలకడ ఎక్కడ దొరుకుతుంది? అందుకే వరదల్లో ఎర్రనీరు సముద్రం దాకా ఎర్రగానే పోతుంది. సముద్రపు ఉప్పు తగిలాక ఆ రేణువులు ముద్దలు కట్టి దిగుతాయి. బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపితే వరదనీరు తేరుకున్నట్టే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరా జరుగుతుంది, కాకపోతే అక్కడ ఆ పని చేసేది ఉప్పు.

ఇప్పుడు లంక గట్టు నిలువుకోత చూడండి. పైన నాలుగైదు అడుగులు వరద తెచ్చిన ఒండ్రు, బంక. దాని కింద ఒకప్పుడు ఏరే అక్కడ పారుతూ వేసిన ఇసుక. అంటే తేలిగ్గా లేచే సరుకంతా అడుగున, గట్టిగా నిలిచేది పైన. తలకిందులుగా కట్టిన గోడ లాంటిదన్నమాట. మీ గట్టు ఇలాంటిదో కాదో తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. ఎండాకాలం నీళ్లు బాగా తగ్గినప్పుడు మూడు చోట్ల మట్టి తీయండి: గట్టు పైన, మధ్యన, నీటి అంచున. ఒక్కోదాన్ని లీటరు గాజుసీసాలో మూడోవంతు దాకా వేసి, నీళ్లు నింపి, చెంచా బట్టల సబ్బుపొడి కలిపి ఐదు నిమిషాలు కుదపండి. నిలబెట్టిన నిమిషానికి అడుగున చేరింది ఇసుక. అక్కణ్ణుంచి రెండు గంటల్లో దాని మీద చేరింది ఒండ్రు. ఆ తర్వాత కూడా నీళ్లను కలకగా ఉంచేది బంక. సబ్బుపొడి ముద్దలు విడగొట్టడానికి, మానకండి. అది లేకపోతే బంక ముద్దలు ఒండ్రుతోపాటే దిగి లెక్క తప్పుతుంది. నీటి అంచున తీసిన సీసాలో ముప్పావు వంతు ఇసుకే దిగితే మీ ఒడ్డు తెగే జాతి ఒడ్డే.

ఇక వంపు సంగతి. మీ తోట వంపు బయటివైపు ఉందని ప్రశ్నలోనే తెలుస్తోంది, కోత ఒకపక్క, మేట ఎదుటిపక్క అన్నారు కాబట్టి. వంపు తిరిగేటప్పుడు నీటి పైపొర వడిగా బయటి ఒడ్డుకు తోసుకెళ్తుంది. అక్కడ నీటిమట్టం కొద్దిగా పెరుగుతుంది. ఆ బరువుకు నీళ్లు ఒడ్డును రాసుకుంటూ కిందికి దిగి, అడుగు మీదుగా లోపలి ఒడ్డుకు మళ్లుతాయి. కవ్వం తిప్పినట్టు మెలి తిరుగుతూ ముందుకు సాగే ప్రవాహమిది. అడుగునున్న ఇసుకను ఈ మెలిక లోపలి ఒడ్డుకు ఊడ్చేస్తుంది. అక్కడ వడి తక్కువ కాబట్టి ఇసుక ఆగిపోతుంది, తిన్నె పెరుగుతుంది. తిన్నె పెరిగేకొద్దీ ఏరు ఇరుకై, మీ ఒడ్డువైపే ఇంకా ఎక్కువ వడిగా పారుతుంది. వంపు ఒకసారి మొదలైతే తనను తానే పెంచుకుంటుందనేది ఇందుకే.

ఒక చిన్న సవరణ. మీ నేల ఎదుటివాళ్లకు వెళ్లిపోయిందని ఊళ్లలో అనుకుంటారు, తగాదాలు కూడా పడతారు. చాలావరకు అది నిజం కాదు. మీ గట్టు పాదం నుంచి లేచిన ఇసుక ఎక్కువగా దిగువనున్న తిన్నెల మీదికి పోతుంది. ఎదుటి మేటలో ఉన్నది ఎగువ నుంచి వచ్చిన ఇసుక. మీ పైపొరలోని బంకైతే ఎవరికీ దక్కదు, సముద్రానికే.

గట్టు ఎప్పుడు విరుగుతుందో గమనించారా? వరద పోటెత్తి ఉన్నప్పుడు కాదు, తీసేటప్పుడు. వరదలో గట్టులోని ఇసుక నీళ్లు తాగి బరువెక్కుతుంది. ఏరు నిండుగా ఉన్నంతసేపు ఆ నీళ్లే గట్టుకు బయటి ఆసరా. ఏరు ఒకటి రెండు రోజుల్లో గబగబా తగ్గితే ఆసరా పోతుంది, గట్టులోని నీళ్లు మాత్రం అంత త్వరగా దిగవు. అవి ఊటలాగా బయటికి వస్తూ ఇసుకను కూడా లాక్కొస్తాయి. అప్పటికే వరద పాదాన్ని తొలిచేసి ఉంటుంది కాబట్టి పైనున్న బంకపొర చూరులాగా వేలాడి, ఒక్కసారిగా ఒరిగిపోతుంది. దానికి ముందు ఒడ్డుకు సమాంతరంగా, అంచునుంచి ఒకటి రెండు మీటర్ల దూరంలో నెర్రె కనిపిస్తుంది. ఆ నెర్రెకు ఏటివైపు మనిషి గానీ, గొడ్డు గానీ, ఇంజన్ గానీ ఉండకూడదు. నెర్రెలోకి బోరు నీళ్లో, వాననీళ్లో పోకుండా మట్టితో పూడ్చితే కొన్నాళ్లు ఆలస్యమవుతుంది, అంతకుమించి ఆశపెట్టుకోవద్దు.

కొబ్బరిచెట్లు కోత ఆపుతాయన్న నమ్మకం కూడా ఉంది. కొబ్బరివేళ్లు ఎక్కువగా మీటరు, మీటరున్నర లోతులోనే అల్లుకుంటాయి. పాదం అంతకు ఎన్నో మీటర్ల కింద. పైగా అంచున నిలబడ్డ చెట్టు గాలికి ఊగుతూ నెర్రెను పెంచుతుంది. అంచు వరసలో ముసలి చెట్లుంటే ఒరగకముందే కొట్టించడమే మంచిది. వట్టివేరు, రెల్లు, వెదురు పైపొరను పట్టుకుంటాయి. వాననీటి కోతకూ, వాలుగా చదును చేసిన గట్టుకూ బాగా పనికొస్తాయి. నిలువుగా తెగే గట్టుకు ఒంటరిగా పనికిరావు.

పాదం ఎంత లోతున ఉంటుందో లెక్కేసి చూస్తే రాళ్ల పనులు ఎందుకు పోతాయో తెలుస్తుంది. మన దేశపు నీటిపారుదల ఇంజనీర్లు వాడే లేసీ సూత్రం ప్రకారం వరదలో అడుగు కోత లోతు మీటర్లలో ఇలా వస్తుంది: సెకనుకు పారే ఘనమీటర్లను ఇసుక గుణకంతో భాగించి, ఘనమూలం తీసి, 0.473తో గుణించాలి. ఇసుక గుణకమంటే రేణువు సైజు మి.మీ.లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.76తో గుణించినది. మీ పాయలో వరదకు 3 లక్షల క్యూసెక్కులు, అంటే సుమారు 8,500 ఘనమీటర్లు పారుతుందనుకుందాం. ఇసుక 0.3 మి.మీ. అనుకుంటే గుణకం 0.96. లోతు దాదాపు 9.8 మీటర్లు వస్తుంది. ఇది తిన్నగా, ఒకేతీరుగా పారే ఏటికి. ఒక మోస్తరు వంపులో దీన్ని 1.5తో, గట్టి వంపులో 1.75తో గుణించాలి. మోస్తరు వంపే అనుకున్నా 14.7 మీటర్లు. ఈ లోతు వరద నీటిమట్టం నుంచి కొలిచేది. వేసవి నీటిమట్టం దానికి 7 మీటర్ల కింద ఉంటే, వేసవిలో మీకు కనిపించే నీటి అంచుకు ఇంకా 7.7 మీటర్ల కిందిదాకా ఏరు తవ్వుతుందన్నమాట. వరద తీశాక ఆ గుంట మళ్లీ ఇసుకతో నిండిపోతుంది కాబట్టి వేసవిలో గడ వేసి చూస్తే నాలుగడుగుల లోతే తగులుతుంది. మూడు మీటర్ల పునాది తీసి కట్టిన గోడ వరదలో గాల్లో వేలాడుతుంది.

అందుకే సరైన పనిలో గోడ కంటే ముఖ్యమైనది దాని ముందు పరిచే రాళ్ల పరుపు, ఏప్రన్ అంటారు. వేసవి నీటిమట్టం దగ్గర ఏటిలోపలికి పరుస్తారు. వెడల్పు, దాని కింద పడబోయే కోత లోతుకు ఒకటిన్నర రెట్లు. పై లెక్కలో పదకొండున్నర మీటర్లు. ఏరు దాని అంచున తవ్వేకొద్దీ రాళ్లు ఒక్కొక్కటే జారి, కొత్తగా ఏర్పడ్డ వాలు మీద కప్పులాగా పరుచుకుంటాయి. అందుకే ఆ రాళ్లకు సిమెంటు పూయకూడదు. పూస్తే జారవు, పలకలాగా నిలబడి, కింద డొల్ల పడ్డాక ఒక్కసారిగా విరుగుతాయి. రాయి 40 కిలోలకు తగ్గకూడదు. దొరక్కపోతే చిన్నరాయిని వైరు మెష్ బుట్టల్లో కట్టాలి. గట్టు వాలు మీద పరిచే రాయికింద ఫిల్టర్, అంటే నీళ్లను పోనిచ్చి ఇసుకను ఆపే పొర, తప్పనిసరి: ఆరు అంగుళాల కంకరపొర, లేదా జియోటెక్స్‌టైల్ బట్ట. ఇది మానేసి డబ్బు మిగుల్చుకున్న చోటల్లా ఒకటే కథ. వరద తీసేటప్పుడు ఊటనీరు రాళ్ల సందుల్లోంచి ఇసుకను పీల్చేస్తుంది, రాళ్లు చెక్కుచెదరకుండా అలాగే కుంగిపోతాయి. పైనుంచి చూసేవాడికి రాయి చాలలేదనిపిస్తుంది. మళ్లీ రాయే పోస్తారు.

గ్రోయిన్లు, స్పర్లు వేయడం రెండో దారి. ఒడ్డునుంచి ఏటిలోకి పొడుచుకొచ్చే ఈ కట్టలు వడిని ఒడ్డుకు దూరంగా నెట్టి, వాటి మధ్య ఒండ్రు చేరేలా చేస్తాయి. రెండింటి మధ్య దూరం పొడవుకు రెండు, రెండున్నర రెట్లు ఉండాలి. పొడవు ఏటి వెడల్పులో అయిదోవంతు దాటకూడదు. ఎగువవైపు కాస్త వంచితే ప్రవాహాన్ని నెడుతుంది, దిగువవైపు వంచితే ఒడ్డుకే లాగుతుంది. ఒక్క స్పర్ ఒంటరిగా వేయడం అన్నిటికంటే చెడ్డ పని. దాని ముక్కు దగ్గర కోత మామూలు లోతుకు రెండింతలు పడుతుంది, దాని దిగువన సుడి తిరిగి పక్క రైతు గట్టు తినేస్తుంది. నదిలో ఇలాంటి కట్టడం ఏదైనా 1884 నాటి నదుల సంరక్షణ చట్టం కిందికి వస్తుంది, ఆ చట్టం కింది అధికారి అయిన రివర్ కన్సర్వేటర్ అనుమతి లేకుండా వేయకూడదు. చిన్న పాయలో, వేసవి లోతు ఒకటి రెండు మీటర్లే ఉన్నచోట సరుగుడు బాదులు రెండు వరసలు పాతి, మధ్యలో కంప కట్టడం చవకలో పనికొస్తుంది. నీళ్లను పూర్తిగా ఆపకుండా వడి మాత్రం తగ్గిస్తుంది, ఎర్రనీటిలోని ఒండ్రు దాని వెనక దిగుతుంది. అయితే ఏటిలో ఒండ్రు వస్తేనే ఇది పనిచేస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

గోదావరి త్రయంబకం దగ్గర 1,067 మీటర్ల ఎత్తున పుట్టి 1,465 కిలోమీటర్లు పారుతుంది. ఎగువ అంతా దక్కన్ నల్లరాతి నేల, బంక అక్కణ్ణుంచే ఎక్కువ. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలిశాక నీరూ ఇసుకా పెరుగుతాయి. పాపికొండల్లో గట్టిరాతి మధ్య ఇరుక్కుని ఏరు కొన్ని వందల మీటర్ల వెడల్పుకు కుంచించుకుపోతుంది. పక్కకు కోయలేదు కాబట్టి లోతుకు కోస్తుంది. పోలవరం దాటగానే కొండలు వదులుతాయి, రాజమండ్రి దగ్గరికొచ్చేసరికి ఏరు కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. వెడల్పు పెరిగితే వడి పడిపోతుంది. వడి రెట్టింపయితే దొర్లించగల రాయి బరువు 64 రెట్లవుతుంది, సగమైతే అదే లెక్కన తగ్గిపోతుంది. మోయలేని ఇసుకను ఏరు దారి మధ్యలోనే దించుకుంటుంది. లంకలు పుట్టేది అలాగే. ధవళేశ్వరం బ్యారేజీ నాలుగు ముక్కలుగా ఉన్నది కూడా మధ్యలో లంకలున్నందుకే. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట ఆ లంకల్ని ఆసరా చేసుకునే కట్టారు.

ఇరుకైతే ఏమవుతుందో చూడాలంటే పోలవరమే ఉదాహరణ. అక్కడ ప్రాజెక్టు పనిలో పూర్తిగా మూయని కాఫర్ డ్యామ్ (పని జాగాలోకి నీళ్లు రాకుండా వేసే తాత్కాలిక కట్ట) ఖాళీల్లోంచి వరద దూసుకుపోయి ఇసుకలో లోతైన గుంటలు పడ్డాయి, డ్యామ్ కింద ఊట ఆపడానికి భూమిలోకి దింపిన డయాఫ్రం వాల్ దెబ్బతింది. వెడల్పయిన ఏటిని సందులోకి తోస్తే అది అడుగును తవ్వి చోటు చేసుకుంటుంది. ఊరి పాయలో సగం మేర కట్టవేసి ఇసుక లారీలకు బాట చేసినా జరిగేది చిన్నమోతాదులో ఇదే. ఇసుక తవ్విన గుంట కూడా అంతే. ఎగువ అంచున జలపాతంలా పడే నీరు అడుగును వెనక్కి కోసుకుంటూ పోతుంది, రెండు ఒడ్ల పాదాలూ కదులుతాయి. మీ తోటకు అరకిలోమీటరు దిగువన తవ్వకం ఉంటే ముందు దాన్ని అనుమానించండి.

ఎగువ నుంచి వచ్చే సరుకే తగ్గిపోవడం ఇంకో కారణం. జలాశయంలో వడి చచ్చిపోతుంది కాబట్టి ఇసుకా ఒండ్రూ అక్కడే కూర్చుంటాయి. శ్రీరాంసాగర్ మొదట 112 టీఎంసీలు, 1994 సర్వేలో 90 టీఎంసీలు. కృష్ణ మీద శ్రీశైలం 308 నుంచి 216 టీఎంసీల లోపుకు పడిపోయింది. ఆ పోయిన జాగా అంతా డెల్టాకు రావలసిన మట్టే. పోలవరం దగ్గర కొలిచిన తేలుడు మట్టి 1970లలో ఏడాదికి దాదాపు 15 కోట్ల టన్నులుంటే 1990లలో 6 కోట్ల టన్నుల లోపుకు దిగింది. తేరిన నీటికి మోసే ఓపిక మిగిలే ఉంటుంది, దొరికినదాన్ని ఎత్తుకుంటుంది. మొగల దగ్గరైతే ఏరు ఇచ్చే ఇసుక తగ్గగానే అల ముందుకొస్తుంది. నైరుతి రుతుపవనాల్లో తీరం వెంట ఉత్తరానికి సాగే అలలు గోదావరి పాయ గౌతమి తెచ్చిన ఇసుకను మోసుకెళ్లి కాకినాడ ముందు సుమారు 16 కిలోమీటర్ల తిప్పగా పేర్చాయి, హోప్ ఐలాండ్ అంటున్నది దాన్నే. దానికి ఉత్తరాన ఇసుక అందని ఉప్పాడను సముద్రం కోస్తోంది. ఒకచోట మేట, దాని పక్కనే కోత, మీ వంపులో జరిగిందే అక్కడా.

గండి పడి పొలంలో ఇసుక మేట వేస్తే ఏం చేయాలో కూడా అడుగుతుంటారు. గట్టు పొంగి మెల్లగా ఎక్కిన నీరు ఒండ్రు దించుతుంది, అది మేలు. గండిలోంచి దూకిన నీరు మొదట ముతక ఇసుకను, దూరం పోయేకొద్దీ సన్నదాన్ని దించుతుంది. మూడు నాలుగు అంగుళాలే ఉంటే లోతుదుక్కి దున్ని కిందిమట్టితో కలిపేయొచ్చు. అడుగు దాటితే ఎత్తించాల్సిందే. ఎకరం మీద అడుగు మందమంటే 43,560 ఘనపుటడుగులు. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాక్టర్ ట్రక్కుకు 436 ట్రిప్పులు. కూలి మాట్లాడేముందు నాలుగైదు చోట్ల గుంట తీసి మందం కొలవండి, గండికి దగ్గరా దూరమూ ఒకేలా ఉండదు.

ఎదుటి కొత్తనేలను నమ్మి శాశ్వతమైనదేదీ కట్టొద్దు. ఒట్టి ఇసుకగా ఉన్నంతకాలం వచ్చే వరదకే అది మాయం కావచ్చు. రెల్లు మొలిచి, దాని మొదళ్లలో ఒండ్రు చేరి, జానెడు బంకపొర కట్టాక కొంత స్థిరపడినట్టు. అప్పుడైనా కూరగాయల్లాంటి కొద్దినెలల పంటలే మేలు.

మీరు ఈ ఎండల్లోనే చేయగలిగింది ఒకటుంది. ఒడ్డు వెంట పది మీటర్లకొకటి చొప్పున, అంచునుంచి పది మీటర్ల లోపలికి గుంజలు పాతి, ఒక్కోదాని నుంచి అంచుదాకా దూరం రాసిపెట్టుకోండి. జూన్ మొదట్లో ఒకసారి, వరదలు తీశాక అక్టోబరులో ఒకసారి కొలవండి. ఆగస్టులో వరద కాస్త తగ్గినప్పుడు, వరద తెచ్చిన గుంట పూడకముందే, అనుభవమున్న సరంగుతో పడవలో వెళ్లి తాడుకు ఐదు కిలోల గుండు కట్టి ఒడ్డుకు ఐదు, పది, ఇరవై మీటర్ల దూరాల్లో లోతు చూడండి. కోత వేగం, గుంట ఉన్నచోటు, సీసాల్లో తేలిన మట్టి రకం, ఈ మూడూ ఉంటే జలవనరుల శాఖ ఇంజనీరు మీ వంపుకు ఏప్రన్ ఎక్కడినుంచి ఎక్కడిదాకా కావాలో అంచనా వేయగలడు. ఆ కొలతలు లేకపోతే ఆయన కూడా గట్టు నెత్తిమీది రాయికే అంచనా వేస్తాడు.